గొడవ ఇంట్లో, మూలం డ్యూటీ చార్టులో

ఉద్యోగం చేసే ఆలుమగలు మాటామాటా అనుకుంటే పెద్దమనుషులు చెప్పేది ఒకటే: సర్దుకుపోండి. ఆ సర్దుకోవడం ఎక్కువగా ఎవరి వంతో వేరే చెప్పనక్కర్లేదు. అసలు ఈ గొడవల్లో చాలా వాటికి మూలం ఇంట్లో లేదనీ, డ్యూటీ చార్టులోనో బదిలీ ఉత్తర్వులోనో ఉందనీ మా అభిప్రాయం.

తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో ఇచ్చిన 317 జీవోనే చూడండి. ముక్కలైన పాత వరంగల్ జిల్లాలో ఉద్యోగులను సీనియారిటీ ప్రకారం కొత్త జిల్లాలకు పంచారు. భార్య హనుమకొండలో ఉంటే భర్త ములుగుకో భూపాలపల్లికో పోవాల్సి వచ్చింది. టీచర్ల ఇళ్లలో 'స్పౌజ్ కేసు', అంటే ఆలుమగలను ఒకే జిల్లాలో ఉంచాలన్న దరఖాస్తు, వాడుక మాటైపోయింది. తర్వాత కొందరిని కలిపారు, అదీ ధర్నాలు చేశాకే. పొద్దున బస్సెక్కి చీకటి పడ్డాక దిగే మనిషికి పిల్లల హోంవర్కు చూసే ఓపిక ఎక్కడిది? బడిలో పాఠం మీద మాత్రం మనసెలా నిలుస్తుంది? పీఆర్సీ (వేతన సవరణ) ఇస్తే ఉద్యోగులు తృప్తిపడతారనుకునే వాళ్లకు ఈ లెక్క పట్టదు.

ప్రైవేటు ఆసుపత్రి నర్సుల సంగతి ఇంకా అన్యాయం. రేపటి షిఫ్టు ఏమిటో ఈ రాత్రి వాట్సాప్ గ్రూపులో తెలుస్తుంది. వెంటనే ఫోన్లు మొదలు. అత్తమ్మ వస్తుందా, పక్కింటివాళ్లు పిల్లను బడి ఆటో ఎక్కిస్తారా? భర్త సింగరేణి కార్మికుడైతే, ఆయన సెకండ్ షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె నైట్ డ్యూటీలో ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకునేది ఫోన్లోనే, అదీ పాల బిల్లు గురించి.

తోటి నర్సు షిఫ్టు మార్చుకుంటే ఆ వారం గండం గడుస్తుంది. కానీ ఆ మొహమాటం మీదే వార్డు నడిపితే ఏదో రోజు బెడిసికొడుతుంది. "పిల్లల్లేరని సద్దుల బతుకమ్మ నాడు కూడా నాకేనా నైట్?" అని ఆమె అడిగితే తప్పేముంది? యాజమాన్యం చేయని ఏర్పాటుకు ఇద్దరు స్నేహితురాళ్లు మాటలు మానేయాల్సి వస్తోంది.

50 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017 నుంచే చట్టం చెబుతోంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎన్ని ఆసుపత్రులు, షోరూములు దాన్ని పాటిస్తున్నాయో కార్మిక శాఖ తనిఖీ చేసి, జాబితా బయటపెట్టాలి. మిగిలిన స్పౌజ్ దరఖాస్తులను వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపే తేల్చాలి. ఇక నెల షిఫ్టుల చార్టును 1వ తేదీకి ముందే గోడకు అంటించడానికి ఏ జీవో అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు.