ఇంజిన్ ఎన్నిక ఏకగ్రీవం

అమెరికాలో 1969 నాటి షెవర్లే కమారో కారు ఉన్నవారికి అన్ని హక్కులూ ఉన్నాయి, దానికి కొత్త ఇంజిన్ ఎంచుకునే హక్కు తప్ప. ఏది పెట్టాలని అడగడం పూర్తికాకముందే జవాబు వచ్చేస్తుంది: ఎల్‌ఎస్. 1997లో కార్వెట్ స్పోర్ట్స్ కారుతో షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ దింపిన వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ల వంశమిది. పోటీ నామినేషన్లన్నీ సాయంత్రానికల్లా ఉపసంహరించుకునే పంచాయతీల్లో సర్పంచి గెలిచినట్టు, ఏ గ్యారేజీలో చూసినా ఇదే ఏకగ్రీవం.

అభ్యర్థి అనర్హుడని నేననను. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాక్ లోపలే ఉంటుంది కాబట్టి పైనుండే హెడ్లు వెడల్పు కావు, ఇరుకు చోట్లోనూ సర్దుకుంటుంది. చేతిలో డబ్బు తక్కువైతే పాత సిల్వరాడో ట్రక్కులోంచి ఊడదీసిన 5.3 లీటర్ల ఇనుప బ్లాక్ ఇంజిన్ జంక్‌యార్డులో దొరుకుతుంది.

ఫోర్డ్ బండ్లున్న వారికి ఆత్మగౌరవం ఎక్కువ. ఫోర్డ్ మస్టాంగ్‌లో షెవర్లే ఇంజిన్ పెడితే పెద్దలు బండి వంక కూడా చూడరు. అందుకని 2011లో వచ్చిన ఫోర్డ్ వారి 5 లీటర్ల ఇంజిన్ కయోటీని నిలబెడతారు. 412 హార్స్‌పవర్, నాలుగు కామ్‌షాఫ్టులు, దానికి తగ్గ వెడల్పు తల. 1967 మస్టాంగ్‌లో కంపెనీవాళ్ళే 6.4 లీటర్ల ఇంజిన్ కూర్చోబెట్టారు. ఇప్పుడు ఈ 5 లీటర్లదానికి చోటు చాలదు. ఇంజిన్‌కు రెండు పక్కలా సస్పెన్షన్‌ను పట్టుకునే షాక్ టవర్లు కోసి, ముందు సస్పెన్షన్ మొత్తం మార్చాలి. గౌరవం నిలబడింది, టవర్లు పోయాయి. డాడ్జ్ వారి సంగతి ఇంకా ఘనం: 2018లో పాత బండ్ల కోసమే 1000 హార్స్‌పవర్ ఇంజిన్ ప్రకటించారు. 1968 డాడ్జ్ చార్జర్‌కు మామూలుగా వచ్చినవి డ్రమ్ బ్రేకులు. ఆగడం గురించి ప్రకటనలో పెద్దగా ఎవరూ వెతకరు.

అసలు ఇంత శ్రమ ఎందుకంటే, నమ్మకం కోసమట. తాళం తిప్పగానే స్టార్ట్ కావాలి. న్యాయమైన కోరికే. పాత పెట్రోల్ పంపు, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బ్యురేటర్‌కు ఇచ్చే ప్రెషర్ 6 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దరిదాపుల్లో ఉంటుంది. కొత్త ఇంజిన్‌కు 58 కావాలి. కనుక పంపు మారుతుంది, దానికోసం ట్యాంకు, ట్యాంకు కోసం గొట్టాలు. ఆయిల్ పాన్ బండి కింది అడ్డదూలానికి (క్రాస్‌మెంబర్‌కు) తగులుతుంది, అదీ మార్చాలి. ఏసీ కంప్రెసర్ ఫ్రేమ్‌లోకి దూరుతానంటుంది. వైరింగ్, కంప్యూటర్, రేడియేటర్, సైలెన్సర్ గొట్టాలు, గేర్‌బాక్స్, దాని పొడవును బట్టి డ్రైవ్‌షాఫ్ట్. చివరికి పాతబండిలో పాతది ఏమిటంటే తలుపులూ రిజిస్ట్రేషనూ. తాళం తిప్పగానే మాత్రం స్టార్ట్ అవుతుంది, వైరింగ్‌లో ఒక ఎర్త్ కనెక్షన్ వదులైతే తప్ప.

పవర్ చాలలేదనే వాదన కూడా వింటాం. 1970 షెవర్లే షెవెల్ పెద్ద ఇంజిన్‌కు కాగితం మీద 450 హార్స్‌పవర్ ఉండేది కదా అంటే, ఆ రోజుల్లో ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ లాంటివి తీసేసి బెంచీ మీద కొలిచేవారని గుర్తుచేస్తారు. నిజమే. ఎన్నికల హామీల లెక్కలన్నమాట.

బయటికి తీసిన అసలు ఇంజిన్‌ను మాత్రం ఎవరూ అమ్మరు. ఇంజిన్ మీది నంబర్లు బండి నంబర్లతో సరిపోలితే రేపు బండికి ధర పలుకుతుందని టార్పాలిన్ కప్పి గ్యారేజీ మూలన పెడతారు. దానికి వచ్చిన జబ్బేమిటని ఆరా తీస్తే, ఎక్కువసార్లు తేలేది ఇదే: కార్బ్యురేటర్ శుభ్రం చేయాల్సి ఉండిందట.