అక్వినాస్ అనని మాటకు జవాబు
‘ప్రతిదానికీ కారణం ఉండాలని అక్వినాస్ అన్నాడు, మరి దేవుడికి కారణం ఎవరు?’ అని అడిగి, దేవుడున్నాడని నిరూపించడానికి ఈ 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త చేసిన వాదన కూలిపోయిందని ఒక వ్యాసంలో తేల్చేశారు. అసలు ఆయన ఆ మాట అనలేదు. ఆయన పుస్తకం ‘సుమ్మా థియోలాజియే’ మొదటి భాగం 2వ ప్రశ్నలోని రెండో మార్గం (దేవుడున్నాడనడానికి ఆయనిచ్చిన అయిదు వాదనల్లో రెండోది) చూడండి: ఏదీ తనకు తానే కారణం కాలేదు, కారణాల వరుస అనంతంగా వెనక్కి పోదు అనే అక్కడ ఉంది. ఆ వరుస ఎలాంటిదన్నదే కీలకం. 46వ ప్రశ్నలో ఆయనే విడమరిచాడు. పనివాడి సుత్తి విరిగితే ఇంకోటి తీసుకుంటాడు, అదీ విరిగితే మరోటి. ఇప్పుడు పడే దెబ్బకు పాత సుత్తితో పనిలేదు. తండ్రి, తాత, ముత్తాతల వరుస కూడా ఇంతే, అది అనంతంగా వెనక్కి పోయినా తర్కానికి అడ్డు లేదంటాడు. చెయ్యి కర్రను, కర్ర రాయిని తోస్తుంటే మాత్రం సంగతి వేరు. చెయ్యి ఆగిన క్షణంలోనే కర్రకు తోసే బలం పోతుంది. ఆయన వెతికే మొదటి కారణం ఈ రెండో రకం వరుసకే, అంటే ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసినది కాదు, ఇప్పుడు పనిచేస్తున్నది. సృష్టికి ఆరంభం ఉందన్నది విశ్వాసంతో తెలిసేదే తప్ప రుజువు చేయలేమని కూడా అక్కడే ఒప్పుకున్నాడు, ఇది చాలామంది గమనించరు. వాదనలో బలహీనత లేదని నేననను. ఆ మొదటి కారణం ఒక్కటే ఎందుకు కావాలి, దాన్నే దేవుడని ఎందుకు పిలవాలి అన్నది ఆ పేరాలో తేలదు, తర్వాతి ప్రశ్నల్లో విడిగా వాదించాల్సి వచ్చింది. కారణం లేకుండా ఏదీ మొదలుకాదన్న సూత్రానికే రుజువు లేదని 1739లో స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ వేసిన దెబ్బ ఇంకా గట్టిది. విమర్శ అక్కడ మొదలుపెట్టాలి.