అంగస్తంభన సమస్య ‘ఒట్టి టెన్షన్’ కాదు

మగవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అంగస్తంభన సమస్య టెన్షన్ వల్లే వస్తుందట, నలభై దాటితే మామూలేనట, గుండెకూ కిడ్నీలకూ దానితో సంబంధమే లేదట, ఒక మాత్ర వేసుకుంటే చాలట. ఇది నమ్మి పరీక్షలు చేయించుకోనివాళ్ల గురించే నా బాధ.

“టెన్షన్ వల్లే.” కొందరిలో నిజమే. సమస్య హఠాత్తుగా మొదలై, తెల్లవారుజామున స్తంభన మామూలుగానే వస్తుంటే కారణం మనసులో ఉండే అవకాశం ఎక్కువ. నెలల తరబడి మెల్లగా తగ్గుతూ, తెల్లవారుజామున కూడా రాకపోతే రక్తనాళాలనో నరాలనో హార్మోన్లనో అనుమానించాలి.

“గుండెకు సంబంధం లేదు.” అసలు ప్రమాదం ఈ మాటతోనే. స్తంభన అంటే అంగంలోకి రక్తం వచ్చి నిండడం. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు‌ను విడుదల చేస్తేనే అవి సడలి దారి ఇస్తాయి. షుగర్, హైబీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ దెబ్బతీసేది ఆ పొరనే, అదీ ఒళ్లంతా. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు 1-2 మిల్లీమీటర్లు, గుండె ధమనులది 3-4. పూడిక మొదలైతే ముందు ఇబ్బంది పడేది సన్నదే కదా! గుండెజబ్బు బయటపడిన చాలామందిలో ఛాతీనొప్పికి రెండు నుంచి ఐదేళ్ల ముందే స్తంభన తగ్గింది. గుండెను కాపాడుకోవడానికి దొరికే గడువు అది. బ్రిటన్‌లో గుండె ముప్పును అంచనా వేసే క్యూరిస్క్-3 లెక్కలో 2017 నుంచి ఈ సమస్య కూడా ఉంది.

“కిడ్నీలకేం సంబంధం?” కిడ్నీల్లో రక్తం వడపోత జరిగేదీ సన్నని రక్తనాళాల్లోనే, షుగర్, బీపీ వాటినీ దెబ్బతీస్తాయి. కిడ్నీలు దెబ్బతింటే రక్తహీనత వస్తుంది, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, ప్రోలాక్టిన్ అనే మరో హార్మోన్ పెరుగుతుంది, నరాలూ బలహీనపడతాయి. డయాలసిస్ మీద ఉన్న మగవాళ్లలో సగానికి పైగా ఈ ఇబ్బంది పడుతున్నారు. తొలిదశలో కిడ్నీ జబ్బు నొప్పి పెట్టదు. అందుకే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా చూపించుకోవాలి.

“వయసు వల్లే.” వయసుతో పెరిగేమాట నిజం. కానీ నలభైల్లోనే వస్తే గుండె గురించి ఇంకా జాగ్రత్తపడాలి.

“మాత్ర చాలు.” వయాగ్రా పేరుతో అమ్మే సిల్డెనాఫిల్‌ను మొదట పరీక్షించింది గుండెనొప్పి కోసమే, స్తంభన సమస్యకు 1998లో అనుమతి వచ్చింది. అది కొన్ని గంటలు పనిచేస్తుంది, పూడికను మాత్రం తీసెయ్యదు. ఛాతీనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు దీన్ని వేసుకుంటే బీపీ ప్రాణం తీసేంతగా పడిపోవచ్చు. ‘మూలికలు’ అని అమ్మే కొన్ని క్యాప్సూల్స్‌లోనూ ఇదే మందు దాచి కలిపినట్టు బయటపడింది. డాక్టర్‌కు చెప్పకుండా ఏదీ వేసుకోకండి.