చేతులు కాలాక ఆకుకూరలు

మా బావ రోజుకు పన్నెండు సిగరెట్లు కాలుస్తాడు. అలాగని ఆయన్ని తీసిపారేయకండి. ఆదివారం తెల్లారేసరికి ఎర్రగడ్డ రైతుబజార్లో ఉంటాడు. పాలకూర, తోటకూర, పుంటికూర కట్టలు, రెండు కిలోల క్యారెట్లు, ఓ బొప్పాయి మోసుకొస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనే సామెతను ఇంత నిష్ఠగా, సంచి పట్టుకెళ్లి మరీ పాటించే మనిషిని నేనింతవరకు చూడలేదు.

"పండ్లు, కూరగాయలు మంచిగ తినేటోళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువట. పేపర్ల చదివిన" అంటాడు. చదివింది అబద్ధం కాదు. అలా చెప్పిన అధ్యయనాలు చాలానే ఉన్నాయి. కాకపోతే పండ్లు బాగా తినేవాళ్లు మామూలుగా సిగరెట్లు తక్కువ కాలుస్తారు. ఆ తేడాను తీసేసి చూస్తే మిగిలే మేలు చిన్నది. అదీ ఖాయమని చెప్పలేనిది. పేపర్లో ఆ ముక్క కింది పేరాలో ఉంటుంది. బావ కింది పేరాలు చదవడు.

కనుక ప్రభుత్వానికి నా విన్నపం. రైతుబజార్లో ధరల బోర్డు ఎలాగూ ఉంది. కిలో ధర పక్కన ఇంకో గడి గీయించి, ఏ కూర ఎన్ని సిగరెట్లకు చెల్లో రాయించాలి. బీరకాయ పావుకిలోకు ఒకటి. మునగాకు కట్టకు మూడు. వంకాయ విషయంలో మాత్రం కమిటీ వేయక తప్పదు. వంకాయ, టమాట, మిరప, ఆలుగడ్డ అన్నీ పొగాకు కుటుంబానివే. సొంత చుట్టం మీద సాక్ష్యం చెప్పమంటే ఏ వంకాయ నోరు విప్పుతుంది?

ఈ పథకానికి అడ్డుపుల్ల వేసింది ఫిన్లండ్ వాళ్లు. మహిమంతా క్యారెట్‌కు ఆ రంగునిచ్చే బీటా కెరోటిన్ అనే పదార్థంలో ఉందేమోనని, సిగరెట్లు కాల్చే మగవాళ్లను 29 వేలకు పైగా పోగేశారు. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల గోలీ, కొందరికి ఉత్తుత్తి గోలీ ఇచ్చారు. 1994లో లెక్క తేలింది. బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో విటమిన్ ఏ కూడా కలిపి ఇచ్చి చూస్తే 28 శాతం ఎక్కువ. ఆ ప్రయోగాన్ని 1996లో, గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. (పాపం, క్యారెట్టుకు ఏ పాపమూ తెలియదు. నింద గోలీది.)

ఇదంతా బావకు ఓపిగ్గా చెప్పాను. "మానేస్తే పదేళ్లకు ముప్పు సగానికి దిగుతుంది బావా. ఏ బొప్పాయీ అంత పని చేయదు" అన్నాను.

"పదేండ్లా? బొప్పాయి రాత్రి తింటే పొద్దుగాలకే పని చేస్తది" అన్నాడు.

ఇక మా అక్క. ఆ కూరలు కడిగేది, తరిగేది, వండేది ఆవిడే. తినేదీ అవే. సిగరెట్ ముట్టదు గానీ హాల్లో ఆయన వదిలిన పొగంతా పీలుస్తుంది. పక్కవాళ్ల పొగతోనూ ఈ జబ్బు వస్తుంది. మరి ఆవిడ తిన్న క్యారెట్లు ఎవరి ఖాతాలో జమ? నా బోర్డులో దానికి గడి చాల్లేదు.

మొన్న ఆదివారం నేనూ వెంట వెళ్లాను. బజారు బయట పాన్ డబ్బా దగ్గర బావ ఆగాడు. రెండు చేతుల్లోనూ సంచులు.

"జర పట్టుకో" అని ఆకుకూరల సంచి నా చేతికిచ్చి, అగ్గిపుల్ల గీశాడు.