ఫ్రెంచ్ మాట్లాడటానికి మనిషి దొరికేదాకా నోరు కట్టేసుకోకండి

ఒడిశాలో మన తెలుగువాళ్ళుండే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఫ్రెంచ్ నేర్చుకుంటున్న పిల్లల్ని ఎవరిని కదిపినా ఒకటే మాట: "అక్కా, మాట్లాడటానికి ఎవరూ లేరు, అందుకే ఆపేశాను." వింటే బాధేస్తుంది, కోపం కూడా వస్తుంది. కోపం వాళ్ళ మీద కాదు, తోడు లేకపోతే భాష రాదని తేల్చేసే సలహాల మీద. హైదరాబాద్‌లో ఉండి సాయంత్రం ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌కి వెళ్ళి రాగలిగేవాళ్ళకి పనికొచ్చే సలహా అది, మనకి కాదు.

"మనకి ఒడియా బజారులో మాట్లాడితేనే కదా వచ్చింది" అంటారు. నిజమే, కానీ నోరు విప్పకముందు ఎన్నేళ్ళు చెవిన పడిందో గుర్తుతెచ్చుకోండి. ఫ్రెంచ్ అలా చెవిన పడదు కాబట్టి మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఫ్రాన్స్‌వాళ్ళ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐవాళ్ళు తేలిక ఫ్రెంచ్‌లో పది నిమిషాల వార్తలు ఇస్తారు, చదివిన పాఠం కూడా సైట్‌లో పెడతారు, అంతా ఉచితం. ఒక్క వాక్యం వినండి, ఆపండి, పైకి అనండి, ఫోన్‌లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. విసుగొస్తుంది, అయినా చెయ్యండి. ఎందుకంటే ఈ భాషలో రాత ఒకటి, పలుకు ఒకటి. పార్లే (మాట్లాడటం) అనే క్రియకి 'నేను', 'నువ్వు', 'వాళ్ళు' రూపాలు మూడూ మూడు రకాలుగా రాస్తారు, పలకడం మాత్రం ఒక్కటే. కళ్ళతో చదువుకుంటూ పోయేవాళ్ళకి ఇది ఎప్పటికీ వంటబట్టదు. పెదాలు 'ఊ' అన్నట్టు పెట్టి నాలుకతో 'ఈ' అనాల్సిన అచ్చు ఒకటుంది, మన తెలుగులో లేదు. అది సరిగ్గా పలక్కపోతే 'పైన' అనే ఫ్రెంచ్ మాట 'కింద' అనే మాట అయిపోతుంది. ఇలాంటివి సరిచేసుకోవడానికి ఎదురుగా మనిషి అక్కర్లేదు, మన గొంతు మనం ఓపిగ్గా వినాలి.

డెల్ఫ్ (ఫ్రెంచ్ ఎంత వచ్చో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే) పరీక్ష అంటే టెన్షన్ పడేవాళ్ళు ఇది కూడా చూడండి. మొత్తం 100 మార్కులు, మాట్లాడటానికి 25, పాస్‌కి 50 రావాలి, ఏ భాగంలోనూ 5 కంటే తగ్గకూడదు. అందులో బీ1 అనే మధ్యస్థాయి మౌఖికంలో మూడు భాగాలు. మొదట మీ గురించి చెప్పాలి, చివర ఒక చిన్న వ్యాసం చదివి మూడు నిమిషాలు మీ అభిప్రాయం చెప్పాలి. ఈ రెండూ మీ డాబా మీద ఒంటరిగా నడుస్తూ తయారుకాగలిగినవే! మధ్యలో వచ్చే సంభాషణకి మాత్రం ఎదుటి మనిషి కావాలి, అక్కడ నేను వాదించను. దానికి పరీక్ష ముందు కొన్ని ఆన్‌లైన్ క్లాసులు డబ్బు కట్టి తీసుకోండి. అంతవరకు నెలనెలా ఫీజులు కట్టలేని ఇంటి పిల్లలు ఆగిపోవాల్సిన పని లేదు.