కొత్త ర్యామ్ కనపడకపోతే అది డూప్లికేటేనా?

ఈ మెసేజ్ నాకు ఇప్పటికి ముగ్గురు పంపారు. మీ వాట్సాప్‌లోనూ ఉండే ఉంటుంది. సారాంశం ఇది: "కొత్త ర్యామ్ వేశాక సిస్టమ్ చూపించకపోతే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో మాగ్జిమమ్ మెమరీకి టిక్ పెట్టండి. రాకపోతే ఎరేజర్‌తో రుద్దండి. పాతదీ కొత్తదీ ఒకే స్పీడ్ కాకపోతే అసలు పనిచేయవు. ఇవన్నీ చూశాక కూడా రాలేదంటే అది డూప్లికేట్, షాపువాడి మొహాన కొట్టి డబ్బులు తెచ్చుకోండి."

ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లోని (విండోస్ ఎలా మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్స్ విండో) ఆ టిక్ సంగతి. అది ర్యామ్‌ని పెంచే మీట కాదు, తగ్గించేది. తక్కువ మెమరీలో తమ ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో చూసుకోవాలనుకునేవాళ్ల కోసం పెట్టిన పెట్టె. ఏ టిక్కూ లేకపోతేనే విండోస్ తనకు దొరికినంతా వాడుకుంటుంది. ఎవరో చెప్పారని ఒకప్పుడు అక్కడ 4096 అని కొట్టి ఉంటే, తర్వాత మీరు ఎంత ర్యామ్ వేసినా విండోస్ 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది. అంటే ఈ మెసేజ్ చెప్పిన మందే జబ్బు తెస్తుంది. రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ కొట్టి, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. అక్కడ మీకున్న పని అంతే.

ఇక డూప్లికేట్ మాట. డీటీపీ సెంటర్ నడిపే మా బావ పోయినేడు ఇలాగే ఫోన్ చేశాడు. "ఒరే, 4 జీబీ ఉన్నదానికి ఇంకో 4 వేయించా. వాడు నన్ను నిలువునా ముంచాడు" అన్నాడు. స్క్రీన్ మీద ఏముందో చదవమన్నాను. ఇన్‌స్టాల్డ్ మెమరీ 8 జీబీ, పక్కన బ్రాకెట్లో 3.24 జీబీ యూజబుల్ అని ఉంది. "బావా, 8 అని అదే చెప్తోందిగా, ఇంక ముంచిందెవరు?" అన్నాను. పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు ఎక్కడ మొరాయిస్తాయోనని విండోస్ 7 32 బిట్‌నే ఆయన అలా ఉంచుకున్నాడు. మామూలు 32 బిట్ విండోస్‌కి 4 జీబీయే హద్దు. అందులోనూ కొంత చోటు గ్రాఫిక్స్‌కీ ఇతర పరికరాలకీ పోతుంది. 64 బిట్ వేసుకున్నా, విండోస్ 7 హోమ్ బేసిక్ అయితే 8 జీబీ దాటదు, హోమ్ ప్రీమియమ్ 16 దాటదు.

కాబట్టి 'కనపడట్లేదు' అనగానే అడగాల్సింది, ఎక్కడ కనపడట్లేదు అని. ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి, విండోస్ కంటే ముందే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లండి (కొన్ని కంపెనీలకు వేరే కీ ఉంటుంది). అక్కడ మొత్తం చూపించి విండోస్‌లో తగ్గితే ర్యామ్ స్టిక్‌ని అనుమానించక్కర్లేదు. 8 వేస్తే 7.8 చూపించడం కూడా మోసం కాదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్ తన వాటా పక్కన పెట్టుకుంటుంది.

బయోస్‌లో కూడా లేకపోతే పాత స్టిక్ తీసి, అది ఉన్న స్లాట్‌లోనే కొత్తది ఒక్కటే పెట్టి చూడండి. వచ్చిందా, స్టిక్ బాగానే ఉంది, తేడా రెండో స్లాట్‌లోనో ప్రాసెసర్ కింద వంగిన పిన్నులోనో ఉండొచ్చు. రాకపోతే వేరే కంప్యూటర్లో పెట్టండి. అక్కడ వచ్చి ఇక్కడ రాలేదంటే పెళ్లికొడుకు మంచివాడే, జాతకాలే కలవలేదు.

ఈ జాతకాల గొడవ పాత మదర్‌బోర్డులతో ఎక్కువ. మా వీధి జిరాక్స్ షాపులో జీ41 అనే పాత ఇంటెల్ చిప్‌సెట్ ఉన్న బోర్డు ఉంది. కొత్త 4 జీబీ డీడీఆర్3 (ర్యామ్‌లో ఒక తరం) వేస్తే మానిటర్ వెలగలేదు. స్టిక్ తీసి రెండు వైపులా నల్ల చిప్పులు లెక్కపెట్టాను. ఒక వైపే 8, రెండో వైపు నున్నగా ఉంది. 8 గిగాబిట్లు కలిస్తే ఒక జీబీ, అంటే ఒక్కో చిప్పు 4 గిగాబిట్లు. జీ41కి 2 గిగాబిట్ల చిప్పు దాకానే తెలుసు. దానికి 4 జీబీ కావాలంటే వైపుకి 8 చొప్పున 16 చిప్పులున్న స్టిక్ వెతకాలి. వెతికి తెచ్చి వేశాం, లేచింది. 'ఏఎండీ ఓన్లీ' (ఏఎండీ ప్రాసెసర్ల బోర్డులకే) అని చవగ్గా అమ్మే డీడీఆర్3 స్టిక్కులు కూడా ఇంటెల్ బోర్డుల్లో పనిచేయవు. సర్వర్లలోంచి తీసిన డీడీఆర్3, డీడీఆర్4 రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు బోర్డు స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, అయినా బోర్డు దాన్ని తీసుకోదు. వీటిలో ఏదీ డూప్లికేట్ కాదు. చూసుకోకుండా కొన్నది, అంతే.

ఎరేజర్ ఒక్కటే సగం నిజం. ఏళ్ల తరబడి వాడిన స్టిక్ పిన్నులు మసకబారితే మెల్లగా రుద్ది, పొట్టు దులిపి పెడితే కొన్నిసార్లు లేస్తుంది. నిన్న కవర్ చించిన స్టిక్‌ని రుద్దడం దేనికి? పవర్ కేబుల్ పీకి, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కండి. చాలామంది భయపడి సగమే నొక్కుతారు. ల్యాప్‌టాప్‌లో అయితే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసి, ఏటవాలుగా దూర్చాలి. స్టిక్ అంచున ఉండే బంగారు గీత ఇంకా బాగా బయటికి కనిపిస్తోందంటే అది పూర్తిగా లోపలికి వెళ్లనట్టే.

స్పీడ్ వాదన తప్పు. 1600 స్పీడ్‌దీ, 1333 స్పీడ్‌దీ కలిపితే మామూలుగా రెండూ 1333లో నడుస్తాయి. 8 జీబీకి తోడు 4 జీబీ వేసినా నడుస్తుంది. ల్యాప్‌టాప్‌కి డీడీఆర్3 కొనేటప్పుడు చూడాల్సింది వోల్టేజి. 1.5 వోల్టులదీ, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్‌దీ ఆకారం ఒకటే, గాడి కూడా ఒకటే. 1.35 మాత్రమే తీసుకునే ల్యాప్‌టాప్‌లో 1.5ది పెడితే ఆన్ కాకపోవచ్చు.

కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ వాడేవాళ్లకి ఒక్క మాట. కొత్త స్టిక్ వేసి మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. బోర్డు మెమరీని సరిచూసుకుంటూ ఉంటుంది. టెన్షన్ పడి మధ్యలో స్విచ్ ఆపేయకండి.

బావ సెంటర్లో ఇప్పటికీ 32 బిట్టే. ఆ కొత్త 4 జీబీ తెచ్చి మా అమ్మాయి సిస్టమ్‌లో పెట్టాం. మొదటిసారికే కనపడింది. డబ్బులెప్పుడిస్తావని బావ ఇంకా అడుగుతూనే ఉన్నాడు.