డాక్టర్ చేస్తే తప్పు కాకుండా పోతుందా?
ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని ఆపడంలో ఆరోగ్య సిబ్బంది పాత్ర గురించి మీ వ్యాసంలో బాగా రాశారు, కానీ ఈజిప్టులో ఆ పని ఎక్కువగా చేస్తున్నది డాక్టర్లేనన్న సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది. 2013లో అక్కడ 13 ఏళ్ల పాప డాక్టర్ చేతిలోనే చనిపోయింది. మత్తు ఇచ్చి కోసినా నష్టం నష్టమే కదండీ!

నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని. చెకప్‌లో అత్తగారిని బయట కూర్చోబెట్టి, బీపీ చూస్తూ ఇలాంటి చెప్పుకోలేని విషయాల గురించి మెల్లగా అడిగితే, అప్పటిదాకా తల వంచుకున్న అమ్మాయి కూడా నోరు విప్పుతుంది. ఇలా అడగడం నర్సింగ్ క్లాసుల్లోనే నేర్పాలి. మన దేశంలోనూ కొన్ని దావూదీ బోహ్రా (షియా ముస్లింలలో ఒక శాఖ) కుటుంబాల్లో ఆడపిల్లలకు సుమారు ఏడేళ్ల వయసులో ఈ కోత చేయిస్తున్నారు, దీన్ని ఆపే ప్రత్యేక చట్టమేమో లేదు. అందుకే బిడ్డను టీకాలకు తెచ్చినప్పుడే తల్లితో మాట్లాడాలి, తండ్రినీ కూర్చోబెట్టాలి.